చూడని చలి

ఎండాకాలం రాగానే రాష్ట్రమంతా రెంటచింతల పేరు వినపడుతుంది. వాతావరణ కేంద్రం అక్కడుంది కదా, పాదరసం 45 డిగ్రీలు దాటిందని పేపర్లో చదివి విజయవాడ చుట్టాలు ఫోన్ చేసి ‘ఎట్లా ఉంటున్నారమ్మా’ అని పలకరిస్తారు. ఎట్లా ఉంటామంటే, ముందే సర్దుకుని ఉంటాం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయిందో లేదో, పల్నాడులో ప్రతి ఇల్లూ పనిలో పడుతుంది. కొత్త కుండ తెచ్చి నానబెట్టి, వరండా మూల ఇసక పోసి దాని మీద కూర్చోబెడతారు. పడమటి కిటికీలకు గోనె పట్టాలు కడతారు. పొద్దున తొమ్మిదింటికే తలుపులు మూసి ఇల్లు చీకటి చేస్తారు. తెల్లారకముందే పొలం వెళ్లిన మనిషి పదింటికల్లా చెట్టు కింద ఉండాలి. ఉప్పు వేసిన మజ్జిగ, జొన్న సంకటి, తల చుట్టూ తడిపిన తువ్వాలు. పదకొండు దాటాక వీధిలోకి పోతున్న పిల్లాడు ఎవరి పిల్లాడైనా సరే, అరుగు మీద కూర్చున్న పెద్దావిడ కేకేసి వెనక్కి పిలుస్తుంది.

ఇది ఎవరూ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది కాదు. ఎండ ఏటా వస్తుంది, ఏటా పాఠం చెప్పిపోతుంది. ఏటా వచ్చేదానికి సిద్ధపడటం నిజానికి గొప్ప సంగతేం కాదు. ఇరవై ఏళ్లకోసారి వచ్చేదానికి, మన ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడనిదానికి మనిషి ఎట్లా సిద్ధపడతాడు? ఈ ప్రశ్న నాకు మంచు వల్ల వచ్చింది. పల్నాడు మనిషికి మంచంటే ధనుర్మాసంలో పొద్దున్నే పొలాల మీద పరుచుకుని, ఎండ పొడ తగలగానే విడిపోయేదే. పదిహేను డిగ్రీలకు దిగితే మంకీ క్యాపులు పెట్టుకుని చలిమంట చుట్టూ చేరతాం. అటువంటి ఊళ్ల నుంచి, నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల నుంచి, మోకాలి లోతు మంచు పడే చోట్లకు మన పిల్లలు వెళ్లి కాపురాలు పెట్టారు. చుట్టుపక్కల వీధుల్లో ఏ ఇంట్లో ఎవరు అమెరికాలో ఉన్నారో చెప్పమంటే, లేని ఇళ్లు చెప్పటం తేలిక.

నా మేనకోడలు డాలస్ దగ్గర ఉంటుంది. టెక్సాస్ అంటే మాకు భయం ఉండేది కాదు. వేసవిలో నలభై డిగ్రీలు, ఎర్రటి ఎండ, మిరపకాయ, వేపచెట్టులాంటి చెట్లు. మన ఊరే అనుకున్నాం. షికాగో వెళ్లిన పిల్లల తల్లులు ఉన్ని కోట్ల కోసం హైదరాబాద్ తిరుగుతుంటే మేం పిల్ల పెట్టెలో నూలు చీరలు సర్దాం.

2021 ఫిబ్రవరిలో అదే టెక్సాస్ మీద ధ్రువపు చలి విరుచుకుపడింది. 11వ తేదీ తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో రోడ్డు మీద వాన నీరే అద్దంలా గడ్డకట్టి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ 130కి పైగా వాహనాలు నుజ్జయ్యాయి. ఆరుగురు పోయారు. అది మొదలు. 15వ తేదీ సోమవారం అక్కడి రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో, అంటే మా ఇంట్లో మధ్యాహ్నం అన్నానికి ఆకులు వేస్తున్న వేళ, ఎర్కాట్ అనే అక్కడి గ్రిడ్ సంస్థ ఇళ్లకు కరెంటు తీసేయటం మొదలుపెట్టింది. గంటో రెండు గంటలో తీస్తారనుకున్న కరెంటు చాలామందికి మూడు రోజులు రాలేదు. మరునాడు డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. ఒక దశలో 45 లక్షల ఇళ్లు, దుకాణాలు చీకట్లో ఉన్నాయి.

కారణం చదువుతుంటే నాకు పల్నాడే గుర్తొచ్చింది. అక్కడి ఇళ్లు వేడి కోసం కట్టినవి. నీళ్ల గొట్టాలు అటక మీదుగా పోతాయి, వాటికి కప్పు లేదు. ఎండాకాలంలో అడ్డు రాదు, చలిలో అదే ప్రాణాంతకం. గ్యాసు బావుల దగ్గర పరికరాలు గడ్డకట్టాయి. గ్యాసు రాక కరెంటు కేంద్రాలు ఆగాయి. కరెంటు లేక గ్యాసు తోడే యంత్రాలు ఆగాయి. టెక్సాస్ గ్రిడ్డు చాలావరకు విడిగా ఉండేది కాబట్టి పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకునే దారి సన్నం. ఆ రాత్రి గ్రిడ్డు మొత్తం కూలిపోవటానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగిందని తర్వాత ఎర్కాటే చెప్పింది. కూలి ఉంటే వారాల తరబడి చీకటి.

ఇది ఎవరికీ తెలియని ప్రమాదం కాదు, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. 1989 డిసెంబరులో ఇటువంటి చలే వచ్చింది, కరెంటు పోయింది, యంత్రాలకు చలి కప్పు వేయమని సలహాలు వచ్చాయి. 2011 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చింది. కేంద్ర నియంత్రణ సంస్థలు మళ్లీ పెద్ద నివేదిక రాసి, 1989లో చెప్పినవి చాలామంది చేయలేదని కూడా అందులో రాశాయి. ఇంకో పదేళ్లు గడిచాయి. తప్పకుండా చేయాలనే చట్టం వచ్చింది 2021లో, రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలో 246 మంది పోయాక. వాళ్లలో 161 మందిని చంపింది నేరుగా చలే. 19 మంది చలి నుంచి తప్పించుకోబోయి కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయారు. మూసిన గరాజులో కారు ఇంజను వేసుకుని కూర్చున్నవాళ్లు, బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు. కుంపటి ఎరిగిన మన వాళ్లకు ఈ రెండోది మరీ దగ్గరి ప్రమాదం. చలేస్తే నిప్పు దగ్గరకు చేరటం మన చేతికి అలవాటు. గాలి ఆడే వసారాలో కుంపటి వేరు, రబ్బరు అంచులతో బిగించిన తలుపుల ఇల్లు వేరు. ఆ వాయువుకు వాసన లేదు, మనిషి నిద్రలోనే పోతాడు.

మా పిల్ల క్షేమంగా బయటపడింది. ఆమె ముందుచూపు వల్ల కాదు. పక్క ఫ్లాట్‌లో, మంచు బాగా పడే మిన్నెసోటా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ ఉంది. ఆదివారం సాయంత్రం ఆవిడ తలుపు తట్టి, స్నానాల తొట్టి నిండా నీళ్లు పట్టమంది. ప్రతి కుళాయీ సన్నటి ధారగా వదిలి ఉంచమంది. వంటింటి సింకు కింద అల్మరా తలుపులు తెరిచి పెట్టమంది, గది వెచ్చదనం గొట్టాలకు తగలాలట. పరుపులు, రగ్గులు అన్నీ ఒక చిన్న గదిలోకి చేర్చమంది. ఫోన్లు ఛార్జింగు పెట్టమంది. మా పిల్లకు ఇదంతా చాదస్తంగా తోచింది, బయట ఇంకా పెద్ద మంచు కూడా లేదు. కానీ తలనెరిసిన మనిషి, చెప్తే వినకపోవటం బాగుండదని అన్నీ చేసింది.

కుళాయి సంగతి నాకు తర్వాత వివరంగా చెప్పింది. నీళ్లు గడ్డ కడితే ఉబ్బుతాయి. ఆ గడ్డకూ మూసి ఉన్న కుళాయికీ నడుమ ఇరుక్కున్న నీళ్లకు ఒత్తిడి పెరిగి పెరిగి, గొట్టం అక్కడ పగులుతుంది. కుళాయి కొంచెం తెరిచి ఉంటే ఒత్తిడికి దారి దొరుకుతుంది. పగిలినప్పుడు ఎవరికీ తెలియదు, గడ్డే బిరడాలా ఆపుతుంది. నాలుగో రోజు చలి తగ్గి గడ్డ కరిగాక, ఇక కష్టం తీరిందని ఊపిరి పీల్చుకునే వేళకు పైకప్పు లోంచి నీళ్లు దుముకుతాయి. మా పిల్ల ఉన్న కాంప్లెక్సులో చాలా ఫ్లాట్లలో అదే జరిగింది. నానిన సీలింగు ఊడి మంచాల మీద పడింది. ఊళ్లకు ఊళ్లే మంచినీళ్లు కాచుకుని తాగాల్సి వచ్చింది, రాష్ట్రం మొత్తం మీద అలాంటివాళ్లు కోటిన్నరకు కాస్త తక్కువ.

మా పిల్ల వాళ్ల పొయ్యి గ్యాసుది కావటం కలిసొచ్చింది. కిటికీ కాస్త తెరిచి, అగ్గిపుల్లతో వెలిగించి, వంట అయ్యేంతసేపే మంట ఉంచి ఆపేసేవారు. ఇల్లు వెచ్చబడుతుందని వదిలేయొద్దని పెద్దావిడ ముందే హెచ్చరించింది. కింది అంతస్తులో పసిబిడ్డతో ఉన్న జంటకు కరెంటు పొయ్యి. పాలు కాచే దారి లేక పైకి వచ్చారు. రెండు కుటుంబాలూ ఆ చిన్న గదిలోనే పడుకున్నాయి. పప్పన్నం, కొరివికారం, ఆ పసిదానికి కాచిన పాలు. పెద్దావిడకు కొరివికారం లేకుండా పప్పన్నం పంపారు. గురువారానికి కరెంటు వచ్చింది. మరునాడు రథసప్తమి. ఇక్కడ మా పెరట్లో పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడుకాయల రథం కట్టి సూర్యుడికి నైవేద్యం పెడుతూ ఆ పిల్లలనే తలుచుకున్నాను.

ఆ మిన్నెసోటా ఆవిడకు కూడా ఆ మాటలు ఎవరో చెప్పినవే అయి ఉంటాయి. ఆవిడ ఒంటికి తెలుసు, మా పిల్ల ఒంటికి తెలియదు. అయినా మా పిల్ల చేసింది. చూడనిదానికి సిద్ధపడటమంటే నాకు ఇప్పుడు అర్థమైనంతవరకు ఇదే, చూసినవాళ్ల మాట మీద, మన ఒళ్లు ఒప్పుకోకపోయినా లేచి చేయటం. కొట్టుకు పోయి కొవ్వొత్తులు, బ్యాటరీలు తెచ్చుకోవటం తర్వాతి సంగతి. నమ్మకం కుదరని మనిషి బ్యాటరీలు కొనడు, కొన్నా అవి రిమోట్‌లో వేసుకుంటాడు.

మన కోస్తా ఇది పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు సుమారు 10,000 మంది పోయారు. తుపాను వస్తోందన్న కబురు లేక కాదు, సముద్రం అంత ఎత్తున ఊరిమీదికి వస్తుందని నమ్మగలిగినవాళ్లు లేక. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను మచిలీపట్నం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షన్నర మందిని ముందే తరలించారు. పోయినవాళ్లు 967. అదీ తక్కువేం కాదు, ప్రతి ఒక్కటీ ఒక ఇంటి దీపమే. కానీ పదమూడేళ్లలో గాలి మెత్తబడలేదు, సముద్రం వెనక్కి జరగలేదు. దివిసీమ శవాలను చూసిన అధికారులు, చూసిన జనం ఉన్నారు, ‘లేవండి’ అంటే లేచారు. చూసినవాళ్లు బతికుండగా ఊరు జాగ్రత్తగా ఉంటుంది. ఆ తరం వెళ్లిపోయాక ఏమిటన్నదే నా బెంగ. తుపాను షెల్టరు గోడకు సున్నం ఎవరైనా వేయిస్తారు, దివిసీమను చూసిన కళ్లతో పిల్లలకు చెప్పేవాళ్లు రానురాను తగ్గిపోతున్నారు.

‘రాదులే’ అనుకోవటం ఒక ప్రమాదమైతే, ‘మాకు కొత్తా’ అనుకోవటం అంతకన్నా తక్కువదేం కాదు. 2022 క్రిస్మస్‌కు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో జరిగింది అదే. అమెరికాలో మంచుకు పేరుపడ్డ ఊరు అది, మంచు తోసే యంత్రాలకు కొదవ లేదు. తీవ్రమైన తుపాను వస్తోందని వాతావరణ శాఖ రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉంది. అయినా శుక్రవారం పొద్దున జనం పనుల్లోకి వెళ్లాక గానీ బండ్లు తిప్పొద్దన్న ఉత్తర్వు రాలేదు. ఆ తర్వాత ఒకటిన్నర రోజు పాటు చాచిన చెయ్యి కనపడని తెల్లటి చీకటి. అంబులెన్సులు, మంచు తోసే బండ్లు సైతం కూరుకుపోయాయి. నలభై మందికి పైగా పోయారు, కొందరు కార్లలో, కొందరు వీధుల్లో, కొందరు వెచ్చదనం లేని సొంత ఇళ్లలో. ఆ వారంలోనే అరిజోనాలో, చూడటానికి గట్టిగా ఉన్న సరస్సు మంచు మీద అడుగుపెట్టి మన తెలుగువాళ్లు ముగ్గురు మునిగిపోయారు. ఆ వార్త ఇక్కడి పేపర్లలో చదివిన రోజు మా వీధిలో చాలా ఇళ్ల నుంచి అమెరికాకు ఫోన్లు వెళ్లాయి.

ఎండ విషయంలో మనం కూడా బఫెలో వాళ్లమే. ఎండ మాకు కొత్తా అనుకునే రాష్ట్రంలో 2003లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. 2015 మేలో మళ్లీ వెయ్యి దాటారు. కుండ, మజ్జిగ అలవాట్లు మారని ఊళ్లలోనే. మారింది ఇల్లు. నాపరాయి పరిచి, మట్టి మిద్దె వేసిన ఇళ్లు పోయి, రేకుల కొట్టాలు, సిమెంటు శ్లాబులు వచ్చాయి. రాత్రి పదైనా శ్లాబు సెగ చిమ్ముతూనే ఉంటుంది. ఉపాధి పనికి వెళ్లినవాళ్లు, ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు ఎక్కువగా పోయారు. పిల్లలు అమెరికాలో, తలుపు మూసిన ఇంట్లో తల్లి. అరుగులే లేవు, అరుగు మీద నుంచి కేకేసేవాళ్లెక్కడ? ఇప్పుడు విపత్తుల సంస్థ మండలాలవారీగా రేపటి వడగాడ్పుల కబురు ఫోన్లకు పంపుతోంది. మంచి పని. ఆ మెసేజిని పక్కింటి ముసలాయనకు చదివి వినిపించే మనిషి కూడా ఉంటేనే అది ఆయనకు చేరినట్టు.

ఇక్కడే నాకు మిరప కళ్లాలు గుర్తుకొస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో కారంపూడి వైపు రోడ్డెక్కితే రెండు పక్కలా ఎర్రటి కళ్లాలే. ఏడాది కష్టం నేల మీద పరిచి, రెండు వారాలు ఆకాశాన్ని నమ్ముకోవాలి. తడిస్తే ఎర్రకాయ తెల్లబోయి తాలుకాయ కింద పోతుంది, ధర సగానికి పడుతుంది. అందుకని రైతు రాత్రిళ్లు కళ్లంలోనే మంచం వేసుకుంటాడు, పరదా పట్టా తలగడ పక్కనే మడతపెట్టి ఉంటుంది. ఒకసారి మా పొలంలో నడిరాత్రి ఈశాన్యాన మెరుపు కనపడింది. వెంటనే ఎవరో ఈల వేశారు. చుట్టుపక్కల నాలుగు కళ్లాల మనుషులూ లేచారు, చీపుళ్లతో, పారలతో, ఒట్టి చేతులతో కాయను కుప్పజేశారు. ఎవరి కళ్లం ఎవరిదన్న లెక్క లేదు, దగ్గరున్నది ముందు. పట్టా అంచుల మీద రాళ్లు పెట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. ఘాటుకు అందరూ తుమ్ముతూనే ఉన్నారు. ఒక్కడి పట్టాతో ఒక్కడి కాయ దక్కదు. నాలుగు మూలలూ పట్టటానికి నలుగురు కావాలి.

బఫెలో తుపానులోనూ ఇటువంటి సంగతి ఒకటి జరిగింది. నయాగరా చూడబోతున్న కొరియా పర్యాటకుల వ్యాను ఒక ఇంటి ముందు మంచులో దిగబడింది. పార అడగటానికి తలుపు తట్టారు. బయట పరిస్థితి తెలిసిన ఆ ఇంటి దంపతులు, పార ఎందుకు, లోపలికి రమ్మని, డ్రైవరుతో కలిపి పదిమందిని ఇంట్లో పెట్టుకున్నారు. నాలుగు రోజులు ఇల్లు కదలలేమని ముందే ఫ్రిజ్ నింపి ఉంచారు. విచిత్రమేమంటే ఆ దంపతులకు కొరియా వంట ఇష్టం, కిమ్చీ మొదలుకుని దినుసులన్నీ ఇంట్లో ఉన్నాయి. వచ్చినవాళ్లే వండారు, అందరూ కలిసి తిన్నారు. మన నాయనమ్మలు ఎసట్లో ఇంటి లెక్క కన్నా ఒక సోలెడు ఎక్కువ బియ్యం పోసేది ఎవరొస్తారో తెలియకే. మంచు దేశంలో సరుకులు కొనేటప్పుడు కూడా ఆ సోలెడు లెక్కలో ఉండాలని నా పట్టుదల. నలుగురున్న ఇంట్లో నలుగురికే కొనుక్కుంటే, తలుపు తట్టిన మనిషిని చూసి గుండె జారుతుంది. ఆరుగురికి కొంటే తలుపు తెరుస్తాం.

ఈ మధ్య గురజాల నుంచి మాకు తెలిసినావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. బఫెలోలోనే చదువుకు సీటు వచ్చింది, జనవరిలో ప్రయాణం. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ‘గోంగూర ఎంత పెట్టమంటావక్కా’ అని ఆమె అడుగుతుంటే, నాకు తెలిసినవన్నీ అబ్బాయికి చెప్పటం మొదలుపెట్టాను. మంచు పడుతున్నప్పుడు కారులో చిక్కుకుంటే కారు వదిలి నడవొద్దు నాయనా, హీటరు కోసం ఇంజను వేసే ముందు దిగి వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యి, గంటకోసారి పది నిమిషాలే వెయ్యి. పెట్రోలు ట్యాంకు సగానికి దిగనివ్వొద్దు. డిక్కీలో రగ్గు, పార, నీళ్లు, నాలుగు వేరుశనగ ఉండలు ఉంచుకో. లావు కోటు ఒక్కటి కన్నా పలచటివి మూడు మేలు, చెమట పట్టబోతే ఒకటి విప్పు, తడిసిన బట్ట చలిని ఒంటికి అంటిస్తుంది. అద్దెకు దిగిన రోజే నీళ్లు మొత్తం కట్టేసే వాల్వు ఎక్కడుందో అడుగు. పొరుగున ముసలివాళ్లుంటే పరిచయం చేసుకో, కబురు వచ్చిన రోజు వాళ్లేం చేస్తున్నారో చూసి నువ్వూ అదే చెయ్యి.

అబ్బాయి శ్రద్ధగా ఫోన్లో రాసుకున్నాడు. ‘పెద్దమ్మా, ఆ వాల్వు ఎటు తిప్పితే కట్టినట్టు? పాత ఇంట్లో అది బిగుసుకుపోతే?’ అన్నాడు. మంచి ప్రశ్న. నేను చెప్పగలిగింది అంతవరకే, అందుకని మేనకోడలికి ఫోన్ కలిపాను. అక్కడ తెల్లవారి పిల్లలను బడికి పంపే హడావిడి. ఆ హడావిడిలోనే ఫోను స్పీకరులో పెట్టి, ‘తమ్ముడూ, అదంతా చెప్తాను గానీ, ముందు నువ్వు దిగబోయే ఇంట్లో పొయ్యి గ్యాసుదా కరెంటుదా?’ అని అడిగింది. అబ్బాయికి తెలియదు. మాట్లాడుతూనే బఫెలోలో గది ఖాయం చేసుకున్న సీనియరుకు మెసేజి పెట్టాడు.